దూరపు గురికి ఏ తూటా?



పోయిన వార్షికోత్సవానికి మేము హాస్టల్‌కి వచ్చినప్పుడు, ఎన్.సి.సి.లో ఉన్న తొమ్మిదో తరగతి తమ్ముడొకడు ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, శిబిరంలో మాకు చిన్న రైఫిల్ ఇచ్చి పాతిక మీటర్ల బోర్డు కొట్టమన్నారు. వెయ్యి గజాల దూరం కొట్టాలంటే ఎంత పెద్ద తూటా కావాలి?" అప్పుడే భోజనాల గంట కొట్టారు. "పెద్దదే కావాలిలే తమ్ముడూ" అనేసి మేము ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. ఆ జవాబు తప్పు. ఈ సంచికలో దాన్ని దిద్దుకుంటున్నాం.

ముందుగా తూటా అంటే ఏమిటో చూద్దాం. చాలామంది బుల్లెట్‌నే తూటా అనుకుంటారు. నిజానికి తూటాలో నాలుగు భాగాలున్నాయి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి సూది ప్రైమర్‌ని కొడుతుంది, మందు అంటుకుంటుంది, పుట్టిన వాయువు బుల్లెట్‌ని బ్యారెల్‌లోంచి తోస్తుంది. బోర్డు దాకా వెళ్ళేది బుల్లెట్ ఒక్కటే. కేసు మన దగ్గరే ఉండిపోతుంది. శిబిరంలో లెక్కపెట్టి అప్పగించేది ఆ ఖాళీ కేసులనే.

బుల్లెట్ బయటికి వచ్చిన క్షణం నుంచి కిందికి పడుతూనే ఉంటుంది. 7.62 మిల్లీమీటర్ల తూటాకి నూరు గజాల దగ్గర గురి కుదిర్చి, అదే గురితో వెయ్యి గజాలకి కాలిస్తే, బుల్లెట్ సుమారు పది మీటర్లు కిందికి పోతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు! కాని దీనికి మనం భయపడనక్కరలేదు. భూమ్యాకర్షణ ఈ రోజూ అంతే, రేపూ అంతే. లెక్క చూసి సైటు పైకి తిప్పుకుంటే సరిపోతుంది. అసలు చిక్కు గాలితోనే. ఇప్పుడు ఎడమ నుంచి వీస్తుంది, ట్రిగ్గర్ నొక్కేలోపు తగ్గిపోతుంది, బోర్డు దగ్గర మరోలా ఉంటుంది.

మన ఇళ్ళల్లో ధాన్యం తూర్పారబట్టడం అందరం చూశాం. చేటలోంచి వదిలితే గింజ నేరుగా కాళ్ళ దగ్గర పడుతుంది, తాలు గాలికి పక్కకి కొట్టుకుపోతుంది. రెండిటి మీదా వీచింది ఒకే గాలి. మంచి బుల్లెట్ గింజలాంటిది. అయితే ఇక్కడే మేము పొరపాటు పడ్డాం. బరువు ఎక్కువైతే గింజ అయిపోతుందనుకున్నాం. బరువు ఒక్కటే కాదు, ఆ బరువు ఎంత సన్నగా, ఎంత కోసుగా పొడవుగా ఉందన్నది ముఖ్యం. గాలిని చీల్చుకుని, వేగం పోగొట్టుకోకుండా పోగలిగే ఈ గుణాన్ని బాలిస్టిక్ కోఎఫిషెంట్ అంటారు. ఈ అంకె ఎక్కువ ఉంటే గాలి పప్పులు అంతగా ఉడకవు.

ఒక పోలిక చూడండి. .308 అనే తూటా 1952లో అమెరికాలో వచ్చింది. కొలతల్లో సైన్యాలు వాడే 7.62 తూటాకి దాదాపు కవల. దూరపు గురికి ఇందులో వాడే ఒక బుల్లెట్ బరువు 11.3 గ్రాములు. 2007లో 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా వచ్చింది. దాని బుల్లెట్ 9 గ్రాములే, కాని సన్నం, పొడవు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలిలో, అంటే చిన్న జెండా విప్పారేంత గాలిలో, వెయ్యి గజాల దగ్గర మొదటిది సుమారు రెండున్నర మీటర్లు పక్కకి పోతుంది. తేలికైన రెండోది రెండు మీటర్ల లోపే.

అర మీటరు తేడాకే ఇంత హడావుడా అనుకోవద్దు. అమెరికా పోటీల్లో వెయ్యి గజాల బోర్డు మీద పది పాయింట్ల వలయం వ్యాసం 20 అంగుళాలు. గాలిని మనం గంటకు ఒకటిన్నర కిలోమీటర్లు తప్పుగా అంచనా వేశామనుకోండి. నిండు మధ్యకి పెట్టిన .308 బుల్లెట్ దాదాపు వలయం అంచుదాకా జరుగుతుంది. 6.5 బుల్లెట్ లోపలే ఉంటుంది. చేసిన తప్పు ఒకటే, పాయింట్లు వేరు.

క్రీడ్‌మూర్ అన్నది న్యూయార్క్ దగ్గర ఒకప్పుడున్న ఫైరింగ్ రేంజి పేరు. 1874లో అక్కడ ఐర్లండు, అమెరికా జట్లు 800, 900, 1000 గజాల పోటీ పెట్టుకున్నాయి. 934కి 931, మూడు పాయింట్లతో అమెరికా గెలిచింది. ఐర్లండు జట్టులో మిల్నర్ అనే ఆయన చక్కగా మధ్యలో కొట్టాడు, కాని పక్కవాడి బోర్డు! ఆ షాటుకి సున్నా. ఏ తూటా అయినా ఆయన్ని కాపాడేది కాదు.

ధ్వని వేగం సంగతి కూడా తెలుసుకోవాలి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంతకంటే వేగంగా బయలుదేరిన బుల్లెట్ దారిలో మందగించి ఆ వేగం దగ్గరికి వచ్చేసరికి కొన్ని రకాలు తడబడతాయి, గురి చెదురుతుంది. కాబట్టి దూరపు గురికి ఎంచుకునే బుల్లెట్ బోర్డు తగిలేదాకా ధ్వనిని దాటి ఉండాలి. మన .22 మాత్రం ఇందుకు తలకిందులు. పోటీల్లో వాడే .22 తూటాలను కావాలనే ధ్వని కన్నా కాస్త తక్కువ వేగంతో, సెకనుకు 330 మీటర్ల లోపు, తయారుచేస్తారు. 'హై వెలాసిటీ' అని పెట్టె మీద రాసిన .22 వేగంగా పోతుంది కదా, గాలికి తక్కువ జరగాలి కదా అనిపిస్తుంది. కాని నూరు మీటర్ల దగ్గర అదే ఎక్కువ జరుగుతుంది. ధ్వని వేగం చుట్టుపక్కల గాలి దాన్ని గట్టిగా వెనక్కి లాగుతుంది, ఎంత వెనకబడితే అంత పక్కకి పోతుంది.

ఇక భుజం సంగతి. మా రోజుల్లో ఒక శిబిరంలో మాలో ఒకడికి పాత .303 రైఫిల్ కాల్చే అవకాశం వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు వాడికి. ఐదు రౌండ్లు ఇచ్చారు. మొదటిది బోర్డు మీద పడింది. మిగిలిన నాలుగూ వెనక మట్టికట్టలో! రైఫిల్ బాగాలేదని అందరం వాదించాం. నిజమేమిటంటే, మొదటి దెబ్బకి భుజం అదిరిపోయి, రెండోదాని నుంచి ట్రిగ్గర్ నొక్కకముందే వాడు కళ్ళు మూసుకున్నాడు. దీన్నే ఫ్లించింగ్ అంటారు. ఇది ధైర్యానికి సంబంధించినది కాదు, శరీరం దానంతట అది చేసే పని. రోజుకు అరవై డెబ్భై సార్లు కాల్చాల్సిన పోటీలో వెనక్కి తన్నే తూటా చివరికొచ్చేసరికి మనిషినే చెడగొడుతుంది. 6.5 తూటా తన్ను .308 కన్నా బాగా తక్కువ. అందరూ దానివైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం.

మరి .308ని పక్కన పడేయాలా? అక్కరలేదు. దాని బ్యారెల్ ఐదు వేల రౌండ్లు దాటినా గురి నిలుపుతుంది. 6.5 బ్యారెల్ రెండు మూడు వేలకే అరుగుతుంది. పైగా పామా పోటీల నిబంధన .308, .223 తప్ప వేరే తూటాలను ఒప్పుకోదు. ముందు పోటీ నిబంధనలు చూసి, తరవాత తూటా చూసుకోవాలి. 300 మీటర్ల పోటీలో పది వలయం వ్యాసం పది సెంటీమీటర్లు. అక్కడ చాలామంది 6 మిల్లీమీటర్ల చిన్న తూటాలే వాడతారు. తన్ను తక్కువ, ఆ దూరానికి గాలీ అంత చెరచదు.

మన దేశంలో .303, 7.62 రైఫిళ్ళను సాధారణ పౌరులకు లైసెన్సు ఇవ్వని వర్గంలో పెట్టారు. తూటాల ఖర్చు సంగతి చెప్పనే అక్కరలేదు. మనలాంటి వాళ్ళకు తెరిచి ఉన్న తలుపు ఎన్.సి.సి. రేంజి, .22 రైఫిలే. అది చిన్నతనం కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ పోటీలో కాంస్యం గెలిచింది ఆ .22 తూటాతోనే. ఆ బోర్డు మీద పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, చిటికెనవేలి గోరంత. అంతకన్నా చిన్నది, 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కాంస్యం తెచ్చింది. గాలి చదవడం నేర్పడంలోనూ .22 మంచి గురువు. నూరు మీటర్లలోనే అది గాలికి ఎంత జరుగుతుందంటే, పెద్ద తూటాతో నాలుగైదు వందల మీటర్లకు గాని ఆ పాఠం రాదు.

.22లో పెట్టె పెట్టెకీ తేడా ఉంటుంది. ఒకే కంపెనీ, ఒకే పేరు, వేరే లాట్ నంబరు అయితే అదే రైఫిల్‌లో గ్రూపింగ్ మారిపోతుంది. అందుకే పెద్ద క్రీడాకారులు ఇంగ్లండ్‌లోని ఈలీ, ఫిన్లండ్‌కి చెందిన లాపువా కంపెనీల టెస్టింగ్ రేంజిలకు తమ రైఫిల్ తీసుకెళ్ళి, ఏ లాట్ నప్పుతుందో కాల్చి చూసుకుని, ఆ లాట్‌నే పెట్టెలకు పెట్టెలు కొనుక్కుంటారు. మనకా వీలు లేదు. కాని శిబిరంలో గ్రూపింగ్ ఐదు రౌండ్లూ ఒకే పెట్టెలోవి ఇమ్మని ఉస్తాద్‌ని మర్యాదగా అడగవచ్చు.

ఖాళీ కేసులు అప్పగించేటప్పుడు వాటి అడుగు ఒకసారి చూడండి. .22 కేసుకి అంచు మీద గాటు ఉంటుంది, .303 కేసుకి నడిమధ్య గుంట ఉంటుంది. .22లో నిప్పు పుట్టించే మందు ఆ అంచు మడతలోనే ఉంటుంది. సూది కొట్టాలంటే ఆ అంచు పల్చగా ఉండక తప్పదు, పల్చగా ఉంటే ఎక్కువ ఒత్తిడికి నిలవదు. అందుకే దానిలో ఎక్కువ మందు కూరి వెయ్యి గజాల తూటా చేయడం కుదరదు తమ్ముడూ.