స్లీపర్‌కి బెజ్జం పెట్టబోతే... చేతులు మండాయ్!

కొత్తగూడెంలో మా ఇల్లు వాలులో ఉంటుంది. వానొస్తే పెరటి మట్టంతా కిందికే! పక్కనే అడవి ఉన్నా అందులో చెట్టు ముట్టుకోలేం కదా. అడ్డుకట్టకి పాత రైలు స్లీపర్లు కొన్నాను. 9 అడుగుల పొడవు, 5 అంగుళాల మందం!

రెండు పేర్చి, 12 ఎంఎం ఇనుప ఊచ నేలలోకి దిగ్గొట్టాలి. అంటే 10 అంగుళాల బెజ్జం. మామూలు బిట్టు సగంలోనే పొగలు కక్కింది. పక్కింటి వడ్రంగి బాబాయ్ నవ్వాడు. "స్పీడు తగ్గించరా. అంగుళానికోసారి బయటికి లాగి పొట్టు దులుపు" అన్నాడు. పొడవాటి బిట్టు మార్చాక పని సాఫీగా సాగింది.

అసలు పాఠం సాయంత్రం తెలిసింది. ముంజేతులు ఎర్రబడి ఒకటే మంట! చెదలు పట్టకుండా స్లీపర్లకు పట్టించేది క్రియోజోట్... బొగ్గు తారు నుంచి తీసే నూనె. అది చర్మానికంటి ఎండ తగిలితే కాలినట్టే. క్యాన్సర్ ముప్పూ ఉంది. మర్నాటి నుంచి గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా.

అక్కడ తోటకూర వేద్దామంది అమ్మ. వద్దని బంతి నాటాం. మిగిలిన ముక్కల్ని పొయ్యిలోనూ పెట్టనివ్వలేదు.

ఈ వానలకి మట్టి కదల్లేదు. మీరూ స్లీపర్లు కొంటున్నారా? ముందు గ్లౌజులు... తర్వాతే డ్రిల్లు!