640 కేబీలో నెట్‌వర్క్‌కు చోటు

అబిడ్స్ దుకాణంలోనో నాంపల్లి ఆఫీసులోనో 1990ల మొదట్లో డాస్ కంప్యూటర్లను నోవెల్ నెట్‌వేర్ సర్వర్‌కు కలిపితే, నిన్నటిదాకా నడిచిన లెక్కల ప్రోగ్రాము ‘ప్రోగ్రామ్ టూ బిగ్ టు ఫిట్ ఇన్ మెమరీ’ అని ఆగిపోవచ్చు. మెషీన్లో 4 ఎంబీ ర్యామ్ ఉన్నా సరే!

ఇందుకు కారణం 1981 నాటి ఐబీఎం పీసీ. అందులోని 8088 చిప్‌కు అడ్రసు తీగలు 20. వాటితో అందేది 10,48,576 బైట్లే. అందులో 640 కేబీ ప్రోగ్రాములకు, మిగిలిన 384 కేబీ తెరకూ కార్డులకూ బయాస్‌కూ కేటాయించారు. తర్వాత వచ్చిన 386 మెషీన్లకు మెగాబైట్లున్నా, మామూలు డాస్ ప్రోగ్రాముకు ఆ 640 కేబీయే దిక్కు. అబిడ్స్‌లో దుకాణం వెనక ఎంత పెద్ద గోడౌనున్నా బేరమంతా ముందు గదిలోనే జరిగినట్టు.

ఆ కాస్త చోటులోనే నెట్‌వర్క్‌కు కావలసిన ఎల్ఎస్ఎల్, కార్డు డ్రైవరు, ఐపీఎక్స్, నెట్‌ఎక్స్ వరసగా వచ్చి తిష్ఠ వేస్తాయి. అంతా కలిపి 60 కేబీ పైమాటే.

1991లో వచ్చిన ఎంఎస్-డాస్ 5 దీనికి దారి చూపింది. కాన్ఫిగ్.సిస్ ఫైలులో ముందు హైమెమ్ డ్రైవరును లోడు చేసి, ‘డాస్=హై’ అని రాస్తే, డాస్‌లో చాలా భాగం 1 ఎంబీకి పైనున్న 64 కేబీ గదికి తరలిపోతుంది. అయితే ఆ గది ఒక్కరికే! నెట్‌ఎక్స్‌కు బదులు ఎక్స్ఎంఎస్‌నెట్‌ఎక్స్ వాడితే అదీ ఆ చోటే కోరుతుంది. డాసా, నెట్‌వర్కా, ఒకటే తేల్చుకోవాలి. నా ఓటు డాస్‌కే, ఎందుకంటే నెట్‌వర్క్ డ్రైవర్లకు ఇంకో చోటుంది. 386 మెషీనైతే ఈఎంఎం386తో 384 కేబీలోని ఖాళీలను తెరిచి, ‘లోడ్‌హై’తో ఆ డ్రైవర్లను అక్కడికి ఎక్కించవచ్చు. వాటి వరస మాత్రం మారకూడదు.

అసలు ప్రమాదం ఇక్కడే. కొన్ని నెట్‌వర్క్ కార్డులు తమ సొంత మెమరీని ఆ 384 కేబీలోనే పెట్టుకుంటాయి. ఈఎంఎం386 ఆ చోటు ఖాళీ అనుకుని వాడుకుంటే సర్వర్‌తో సంబంధం తెగుతుంది, లేదా మెషీనే బిగుసుకుపోతుంది. కార్డు మెమరీ డీ000 దగ్గర 16 కేబీ అయితే ఈఎంఎం386 లైనులో ‘ఎక్స్=డీ000-డీ3ఎఫ్ఎఫ్’ అని మినహాయించాలి. దయచేసి ఊహించి రాయవద్దు, కార్డు సెట్టింగు చూసి రాయండి.

ఒక్కో లైను మార్చి, మళ్లీ బూట్ చేసి, సర్వర్‌కు లాగిన్ అయ్యాక ‘మెమ్ /సీ’ కొట్టి ఏది ఎక్కడ చేరిందో చూడాలి. మెషీను బిగుసుకుపోతే, డాస్ 6లో బూటింగ్ సమయంలో ఎఫ్5 నొక్కి ఈ లైన్లన్నీ దాటేయవచ్చు. డాస్ 5లో ఆ వసతి లేదు, బూట్ ఫ్లాపీ ముందే చేసి పెట్టుకోవాలి.