నెత్తురులో ఆడే మర



మర అనగానే మన సుల్తానాబాద్ వాళ్ళకు వడ్ల గిర్నీలే గుర్తుకొస్తాయి. కాని మన ఒంట్లో ప్రతి కణంలోనూ కంటికి కనిపించని మరలు రాత్రింబవళ్ళు ఆడుతుంటాయి. అవి మాంసకృత్తులతో, అంటే ప్రోటీనులతో తయారైనవి. వాటిలో నెత్తురులో ఉండే హిమోగ్లోబిన్ సంగతి ఈ రోజు చెప్పుకుందాం.

ఎమైనో ఆమ్లాలనే పూసలు గుచ్చిన దండలు నాలుగు, ముడుచుకొని ఒకదానికొకటి అతుక్కుంటే హిమోగ్లోబిన్ అవుతుంది. ఒక్కొక్క దండ మడతలో ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. ఊపిరితిత్తుల్లో ఆ ఇనుము ప్రాణవాయువును పట్టుకోగానే దండ కొంచెం కదులుతుంది. ఆ కదలికతో పక్క దండలు కూడా వాయువును అందుకోవడానికి అనువుగా మారుతాయి. వాయువు తక్కువైన కండరాల దగ్గరికి పోయాక మళ్ళీ పాత రూపానికి వచ్చి, తెచ్చిన మోత దించుతాయి. ఈ మర పనితనమంతా రూపం మారడంలోనే ఉన్నదన్న మాట. ఒక్క ఎర్రకణంలో ఇటువంటివి సుమారు 27 కోట్లు! దీని నిర్మాణం తేల్చిన మాక్స్ పెరుట్జ్‌కు 1962లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి ఇందులో ఒక పూస మారితే ఏమవుతుంది? నాలుగింటిలో రెండు బీటా దండలు. ఒక్కొక్క దానిలో 146 పూసలు. ఆరో పూస గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ అయితే, ప్రాణవాయువు దించిన హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అంటుకొని కడ్డీలు కడతాయి. గుండ్రని ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటుంది. అందుకే భరించలేని కీళ్ళ నొప్పులు, ఎముకల నొప్పులు. 120 దినాలు బతకవలసిన కణం 10, 20 దినాలకే చితికిపోతుంది గనుక రక్తహీనత. ఇదే సికిల్ సెల్ జబ్బు.

మన ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇది ఉన్నది, ఇతరుల్లోనూ ఉన్నది. పిల్లకు గాలి సోకిందనీ, కోడలి తరఫు నుంచి వచ్చిందనీ ఆడదాన్ని ఆడిపోసుకోవడం తగదు. ఈ మారిన పూస తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఈ జబ్బు. ఒక్కరి నుంచే వస్తే మనిషి మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా మలేరియా నుంచి కొంత రక్షణ కూడా. కాని అటువంటి ఇద్దరికి పెళ్ళయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బు నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏండ్ల లోపు వారందరికీ రక్తపరీక్ష చేయడం అందులో భాగం. పెళ్ళి మాటలు నడిచేటప్పుడు కట్నకానుకల కంటే ముందు ఇద్దరికీ ఆ పరీక్ష చేయించండి. జబ్బున్న పిల్లలకు నీళ్ళు బాగా తాగించండి, చలికి తిప్పకండి, జ్వరమొస్తే ఆలస్యం చేయక దవాఖానకు తీసుకుపోండి. మందులున్నాయి, వాడితే నొప్పులు తగ్గుతాయి.

తప్పు పూసది, తల్లిది కాదు. ఈ ఒక్క మాట పొరుగింటి వాళ్ళకూ చెప్పండి. సెలవు.