రెండు సమాధులు, ఒక దుఆ

మా మదర్సా విద్యార్థులతో బీజాపూర్ వెళ్ళినప్పుడు గైడ్ మమ్మల్ని ముందుగా గోల్ గుంబజ్‌కు తీసుకువెళ్ళాడు. 1656లో మరణించిన సుల్తాన్ ముహమ్మద్ ఆదిల్‌షా సమాధి అది. గుంబజు వెలుపలి వ్యాసం సుమారు 44 మీటర్లు. లోపల ఒక్క స్తంభమైనా ఆసరాగా లేదు. పైనున్న గ్యాలరీలో చప్పట్లు చరిస్తే పలుమార్లు ప్రతిధ్వనిస్తుంది. పిల్లలు ఉత్సాహంగా కేకలు వేశారు. నేను వారించలేదు.

క్రిందికి దిగాక, అసలు సమాధులు వేదిక అడుగున నేలమాళిగలో ఉన్నాయని గైడ్ చెప్పాడు. పిల్లలు మౌనం వహించారు. నేను సిగ్గుపడ్డాను.

తరువాత బారా కమాన్ చూశాము. సుల్తాన్ కుమారుడు రెండవ అలీ ఆదిల్‌షా సమాధి అది. కట్టడం తోరణాల వద్దనే ఆగిపోయింది, పైకప్పు లేదు.

“హజ్రత్, ఇద్దరిలో ఎవరు అదృష్టవంతులు?” అని ఒక బాలుడు అడిగాడు.

“కప్పును చూసి చెప్పలేము నాయనా. సమాధిలోకి వెంట వచ్చేవి ఆచరణలే” అన్నాను.

చేతులెత్తి ఇద్దరి మన్నింపు కొరకు దుఆ చేశాము. ఈసారి ఎవరి గొంతూ పెరగలేదు.