స్నేహితుడికి వంట సినిమాలు

మనవాళ్ళు ఇచ్చిపుచ్చుకునే బహుమతుల జాబితా చిన్నదే. పెళ్ళికి వెండి కుంకుమ భరిణె, గృహప్రవేశానికి గోడ గడియారం, సౌదీ నుంచి ఊరెళ్తే ఖర్జూరాలు, నీడో పాలపొడి, యాక్స్ ఆయిల్ సీసా. సినిమాని బహుమతిగా ఇవ్వడం మనలో అరుదు. సినిమా అంటే ఎవరికి వాళ్ళు చూసుకునేది, ఇచ్చేదేముంది అనుకుంటాం. కానీ సరిగ్గా ఎంచితే, ఒంటరిగా ఉన్న మనిషికి వంట గురించిన సినిమాకన్నా పనికొచ్చే బహుమతి తక్కువని నా అభిప్రాయం. ఆ ఎంపిక ఎలా చెయ్యాలన్నదే ఈ వ్యాసం.

మేముండేది జెద్దాలోని అల్ అజీజియాలో. భారత, పాకిస్తాన్ కుటుంబాలు చాలాకాలంగా ఉంటున్న పేట ఇది. కరివేపాకు, మునక్కాయ, ఇడ్లీ రవ్వ, ఆవకాయ సీసా అన్నీ నడిచి వెళ్ళేంత దూరంలో దొరుకుతాయి. దొరకనిది మనుషులే. 2017 జూలైలో సౌదీ ప్రభుత్వం ప్రవాసుల కుటుంబ సభ్యుల మీద మనిషికి నెలకి 100 రియాల్ల రుసుము పెట్టింది. ఏటా 100 చొప్పున పెరిగి 2020 జూలైకి అది 400కి చేరింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవాడి సంగతి లెక్క వెయ్యండి: మొదట్లో నెలకి 300, చివరికి 1,200, అంటే ఏడాదికి 14,400 రియాల్లు. ఇకామా రెన్యువల్ నాటికి ముందే కట్టాలి. స్కూలు ఫీజులు, ఇంటి అద్దె వేరే. దాంతో ఎన్నో కుటుంబాలు ఇండియా వెళ్ళిపోయాయి. ఉద్యోగం ఉన్న మగవాళ్ళు ఇక్కడ మిగిలారు.

అలా మిగిలినవాళ్ళలో నా స్నేహితుడొకడు. కరీంనగర్ వైపువాడు, నాకన్నా నాలుగేళ్ళు చిన్న. భార్యాపిల్లల్ని పంపేశాక ఇల్లు ఖాళీ చేసి ఒక గదికి మారాడు. పొద్దున ఖుబ్జ్, ఫూల్. మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీను. రాత్రి అల్‌బైక్, కాదంటే పెరుగన్నం. వంట రాక కాదు. అడిగితే ఒకటే మాట అన్నాడు: "అన్నా, వండుడు పెద్ద పనేం కాదు. ఒక్కనికే వండుకోవాల్నంటేనే మనసైతలేదు."

ఆ మాట విన్నాక అతనికి వంటల పుస్తకం ఇవ్వడంలో అర్థం లేదనిపించింది. వంటల పుస్తకం 'ఎలా' అన్నదానికి జవాబు చెబుతుంది. అతని ప్రశ్న 'ఎందుకు' అన్నది. దానికి సినిమా కాస్త నయం. ఇంజనీర్లం కదా, ఏ పనికైనా ముందు ఒక స్పెసిఫికేషన్ రాసుకోవడం అలవాటు. నేను నాలుగు షరతులు రాసుకున్నాను.

మొదటిది: సినిమా చూశాక మనిషి లేచి వంటింట్లోకి వెళ్ళాలి, దుప్పటి కప్పుకుని పడుకోకూడదు. మంచి సినిమాలన్నీ ఈ పరీక్షలో నెగ్గవు. రితేష్ బత్రా తీసిన 'ది లంచ్‌బాక్స్' (2013) సంగతే చూడండి. బొంబాయి డబ్బావాలాల పొరపాటు వల్ల ఒక ఇల్లాలు భర్తకి పంపిన క్యారేజీ రిటైరవబోతున్న ఒక ఆఫీసు ఉద్యోగికి చేరుతుంది. ఇర్ఫాన్ ఖాన్, నిమ్రత్ కౌర్ అద్భుతంగా చేశారు. అయితే అందులో ఇర్ఫాన్ భార్య పోయినవాడు, ఒక్కడే కూర్చుని తింటాడు. కుటుంబం దూరమైన కొత్తలో ఆ సినిమా ఇస్తే పుండు మీద కారం చల్లినట్టే. ఆర్నెల్లు పోయాక ఇవ్వవచ్చు.

రెండోది: అందులోని వంట అతను చేసుకోగలిగేది కావాలి. డెన్మార్కు సినిమా 'బాబెట్స్ ఫీస్ట్' (1987) వంట సినిమాలకి పెద్దన్న లాంటిది, ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కారు గెలిచింది. లాటరీలో వచ్చిన పదివేల ఫ్రాంకులూ ఒక్క రాత్రి విందుకి ఖర్చు పెట్టేసే వంటమనిషి కథ. కానీ ఆ విందులో తాబేలు సూపు, కౌజు పిట్టలు, రకరకాల వైన్లు. సౌదీలో వైనూ లేదు, పంది మాంసమూ లేదు. చూసి ఆనందించవచ్చు గానీ స్టవ్ వెలిగించే ప్రసక్తి లేదు.

మూడోది: ఆ సినిమా అతని పిల్లలు కూడా చూడగలిగేదై ఉండాలి. దీనికి కారణం చివర్లో చెబుతాను.

నాలుగోది: అతని దగ్గరున్న యంత్రంలో అది ఆడాలి. ఇది చిన్న విషయం కాదు. సౌదీలో 1980ల మొదట్లో మూతబడ్డ సినిమా హాళ్ళకి 2017 డిసెంబరులో మళ్ళీ అనుమతి వచ్చింది, 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో మొదటి హాలు తెరిచారు. అంతవరకూ సినిమా అంటే ఇంట్లో వీడియో క్యాసెట్టు, ఆ తర్వాత వీసీడీ, డీవీడీ. డీవీడీలకి రీజియన్ కోడ్ ఉంటుంది: అమెరికాకి 1, సౌదీకి 2, ఇండియాకి 5. కోడ్ ఉన్న డిస్కు ఇండియాలో కొనుక్కొస్తే ఇక్కడి ప్లేయరు మొరాయించవచ్చు. బ్లూరేలో అవే ఎ, బి, సి అక్షరాలయ్యాయి: అమెరికా ఎ, సౌదీ బి, ఇండియా సి. ఇవాళ అందరూ ఇంటర్నెట్లో చూస్తున్నా సమస్య పోలేదు, హక్కులు దేశాన్ని బట్టి అమ్ముతారు. హైదరాబాదులో కనిపించే సినిమా జెద్దాలో కనిపించకపోవచ్చు. బహుమతి ఇచ్చేముందు తీసుకునేవాడి దేశంలో అది వస్తుందో లేదో చూసుకోండి. ఆలివర్, మీరు ఫ్లోరిడాలో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా ఈ జాగ్రత్త తప్పదు.

ఈ జల్లెడలో పోస్తే నాకు మిగిలినవి మూడు.

ఒకటి, మలయాళం 'ఉస్తాద్ హోటల్' (2012). అన్వర్ రషీద్ దర్శకుడు, రాసింది అంజలీ మీనన్. 'జనతా హోటల్' పేరుతో 2018లో తెలుగులోకి వచ్చింది. కొడుకు వంటవాడు కావాలనుకోవడం తండ్రికి నామోషీ. కుర్రాడు కోజికోడ్ సముద్రపు ఒడ్డున హోటలు నడిపే తాత దగ్గర చేరి గిన్నెలు కడగడం నుంచి మొదలుపెడతాడు. దుల్కర్ సల్మాన్ మనవడు, తిలకన్ తాత. కడుపు నింపడం ఎవరికైనా వచ్చు, మనసు నింపడమే వంటవాడి పని అన్నది సినిమా సారాంశం. గల్ఫు సంపాదన నీడ కథ మీద ఉంటుంది కాబట్టి మనకి ఇంకా దగ్గరగా తోస్తుంది.

రెండు, ఆంగ్ లీ తైవాన్‌లో తీసిన 'ఈట్ డ్రింక్ మాన్ ఉమన్' (1994). తైపేలో పెద్ద వంటవాడు, భార్య లేదు, ముగ్గురు కూతుళ్ళు. నాలుక రుచి కోల్పోయినా ప్రతి ఆదివారం వాళ్ళకి విందు వండుతాడు. తినేవాళ్ళకి తగవులే తప్ప ఆకలి ఉండదు. చివరికి కూతురు చేసిన సూపుతో అతని రుచి తిరిగొస్తుంది. అందులోని మాంసాలన్నీ మనం వండం, సబ్‌టైటిల్స్ చదువుకోవాలి, నిజమే. అయినా రెండో షరతు దీనికి సడలించాను. మొదట్లో నాలుగైదు నిమిషాలు కత్తి, మూకుడు, ఆవిరి మాత్రమే కనిపిస్తాయి. అది చూసి ఉల్లిపాయ తరగాలనిపించని మనిషి ఉండడు.

మూడోది మీరు ఊహించే ఉంటారు, 'మాయాబజార్' (1957). ఘటోత్కచుడి విందు పాట మనకి కొత్త కాదు. ఎస్వీ రంగారావు నటన, మాధవపెద్ది సత్యం గొంతు, మార్కస్ బార్ట్‌లీ కెమెరా, వాటంతటవే నోట్లోకి వెళ్ళే లడ్లు. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆ విందు చేస్తున్నది ఒక్కడే. పక్కన వడ్డించేవాళ్ళు లేరు, కొసరేవాళ్ళు లేరు. తెలుగు సినిమాల్లో అంత సంతోషంగా భోంచేసిన మనిషి మరొకడు లేడు. ఒంటరిగా తినడం దిగులు పడాల్సిన పనేం కాదని ఇంతకన్నా నవ్విస్తూ ఎవరు చెప్పగలరు?

ప్రకాష్ రాజ్ 'ఉలవచారు బిర్యాని' (2014), శ్రీదేవి లడ్లు చేసే 'ఇంగ్లీష్ వింగ్లీష్' (2012) కూడా మంచివే. మొదటిది తిండిప్రియులకి, రెండోది అమ్మ వంటని తేలిగ్గా తీసుకునే ఇళ్ళకి. జియో బేబీ తీసిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) మాత్రం ఓదార్పు కోసం ఇవ్వకండి. కానీ సొంతంగా వండి, గిన్నెలు తోమి, సింకు కడిగి ఓ ఏడాది గడిపిన మగవాడికి తప్పకుండా చూపించండి. ఇంటి దగ్గర ఆ పని పదేళ్ళు ఎవరు చేశారో అతనికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మూడో షరతు సంగతి. జెద్దాకీ కరీంనగర్‌కీ తేడా రెండున్నర గంటలు. శుక్రవారం మధ్యాహ్నం ఇక్కడ నాలుగంటే అక్కడ సాయంత్రం ఆరున్నర. సినిమా ఇద్దరి దగ్గరా ఉంటే ఒకేసారి మొదలుపెట్టి, ఫోను పక్కన పెట్టుకుని చూడవచ్చు. నా స్నేహితుడికి నేను సినిమాలతో పాటు ఒక పోపు డబ్బా, రెండు కిలోల సోనా మసూరి ఇచ్చాను. మొదటి శుక్రవారం అతను వాళ్ళావిడతో, పిల్లలతో 'మాయాబజార్' చూశాడు. రంగారావు లడ్లు మింగుతుంటే చిన్నది "నాన్నా, నువ్వేం తిన్నవ్?" అని అడిగిందట. పెరుగన్నం అని చెప్పడానికి నోరు రాలేదట.

ఆ పై వారం నుంచి శుక్రవారాలు వంట మొదలైంది. మేం ఇద్దరం ముగ్గురం భోజనానికి వెళ్తున్నాం. పప్పులో ఉప్పు సరిగ్గా పడటానికి ఇంకొంత కాలం పట్టేట్టుంది. ఫోనులో వాళ్ళావిడ చెబుతూనే ఉంది, "ముందు కొంచమే వెయ్యి, సాలకుంటె మల్ల ఏసుకోవచ్చు" అని.