జిల్లేడు దగ్గర మారువేషం

కిందటేడు వినాయక చవితి సెలవుల్లో, చుట్టుపక్కల కనిపించే సీతాకోకచిలుకల ఫొటోలు తీసి పంపమని పిల్లల్ని అడిగాం. తీసింది మీ ఫోన్లతోనే కాబట్టి మీకూ గుర్తుండే ఉంటుంది. వచ్చిన వాటిలో రెండు ఫొటోల గురించి ముందు చెప్తాను.

మొదటిది చూడగానే అందరం బాగుందన్నాం. తెల్లటి టైల్ మీద నల్లని సీతాకోకచిలుక, రెక్కల మీద ఎర్రని మచ్చలు, ఒక్కో గీతా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. ఇంత దగ్గరగా ఎలా తీశావని అడిగితే, డబ్బాలో పెట్టి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచామని, అందుకే కదలకుండా కూర్చుందని బాబు దాచకుండా చెప్పాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏదో వీడియోలో చూసి సాయం చేశారట. రెండోది ఆరో తరగతి పాప పంపింది. ఇంటి పక్క ఖాళీ ప్లాటులో నారింజ రంగు సీతాకోకచిలుక ఒకటి నేల మీద వాలి ఉంది, ఫొటో సగం మసక. అలాంటి నారింజ రంగువి అప్పటికే చాలా వచ్చాయి. అన్నీ జిల్లేడు చుట్టూ తిరిగే ప్లెయిన్ టైగర్లే. ఇదీ అదేలే అనుకుని పక్కన పెట్టేశాను. తర్వాతెప్పుడో మళ్ళీ చూస్తే, వెనక రెక్క మధ్యలో ఉండాల్సిన నల్ల చుక్కలు లేవు.

అది ప్లెయిన్ టైగర్ కాదు, డానాయిడ్ ఎగ్‌ఫ్లైలో ఆడది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి పేరు ఉన్న మొదటి షెడ్యూలులోనే చాలా ఏళ్ళు దీని పేరూ ఉంది. ఆ షెడ్యూళ్ళను 2022లో సవరించారు. అయినా పులి సరసన చోటు దక్కిన జీవి మన మంగళగిరిలో, వెంచర్ రాళ్ళ మధ్య వాలిందంటే పిల్లలకు చెప్పుకోదగ్గ సంగతే కదా.

దీని కథ జిల్లేడుతో మొదలవుతుంది. చవితి రోజు మనం పత్రిగా పెట్టే అర్కపత్రం అదే. ప్లెయిన్ టైగర్ జిల్లేడు ఆకు మీద గుడ్డు పెడుతుంది. పొదిగిన గొంగళిపురుగు ఆ ఆకులే తింటుంది. జిల్లేడు పాలలోని విషం కొంత దాని ఒంట్లో చేరి, రెక్కలొచ్చాక కూడా మిగిలి ఉంటుంది. ఒకసారి తిని కక్కుకున్న పిట్ట ఆ రంగును మర్చిపోదు, మళ్ళీ ముట్టుకోదు. ప్లెయిన్ టైగర్ అంత తాపీగా, భయం లేనట్టు ఎగరడానికి కారణం అదే.

డానాయిడ్ ఎగ్‌ఫ్లైకి ఈ రక్షణ లేదు. దాని గొంగళిపురుగు తినే మొక్కల్లో ముఖ్యమైనది గంగవాయిలి కూర. కొన్ని ఊళ్ళలో పావిలి కూర అంటారు. పప్పులో వేసుకుని మనమూ తింటాం, అందులో పిట్టను బెదిరించేంత విషం ఏముంటుంది? కానీ ఆడ ఎగ్‌ఫ్లై రంగులో, నల్లని రెక్క కొసలో, ఆ కొస మీది తెల్లని పట్టీలో, చివరికి తాపీగా ఎగిరే తీరులో కూడా అచ్చం ప్లెయిన్ టైగర్‌లా ఉంటుంది. పిట్ట మోసపోతుంది. టీచర్లమూ మోసపోయాం. ఇలాంటి వేషాన్ని అమెజాన్ అడవుల్లో గమనించి 1862లో వివరించినవాడు హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆంగ్లేయుడు. పెద్ద తరగతుల బయాలజీలో ఆయన పేరుతోనే ఈ పాఠం వస్తుంది. మగ ఎగ్‌ఫ్లైకి మాత్రం ఈ వేషం లేదు. నల్లని వెల్వెట్ లాంటి రెక్కలు, ముందు రెక్కకు రెండేసి, వెనక రెక్కకు ఒక్కోటి తెల్లని మచ్చలు, వాటి చుట్టూ వెలుగు పడితే మెరిసే ఊదారంగు అంచు. రెండూ పక్కపక్కన వాలినా మొగుడూ పెళ్ళాలంటే ఎవరూ నమ్మరు.

మరి ఆడదాన్ని గుర్తుపట్టడం ఎలా? వెనక రెక్క చూడాలి. ప్లెయిన్ టైగర్‌కు ఆ రెక్క మధ్య భాగంలో నల్ల చుక్కలుంటాయి, ఆడదానికి మూడు, మగదానికి నాలుగు. ఎగ్‌ఫ్లైకి అక్కడ ఏమీ ఉండవు, రెక్క పై అంచు దగ్గర ఒకే ఒక్క చుక్క ఉంటుంది. ఎగురుతున్నప్పుడు కంటితో ఇది తేల్చుకోవడం కష్టం. ఫొటోలో పెద్దది చేసి చూసుకోవచ్చు. ఫొటో తీయమని పిల్లలకు చెప్పేది అందుకే. మసకగా ఉన్నా చుక్కలు తెలిస్తే చాలు.

ఇక ఫ్రిజ్ ఫొటో సంగతి. మన కరివేపాకు చెట్టు మీద, నిమ్మ మీద పిట్ట రెట్టలా కనిపించే పురుగుల్ని మీరు చూసే ఉంటారు. కామన్ మార్మన్ గొంగళిపురుగులు చిన్నప్పుడు అలాగే ఉంటాయి. ఈ మార్మన్ ఆడవాటిలో ఒక రకం క్రిమ్సన్ రోజ్ అనే మరో సీతాకోకచిలుక వేషం వేస్తుంది. క్రిమ్సన్ రోజ్ పురుగు ఈశ్వరి తీగ తిని విషం కూడబెట్టుకుంటుంది. నల్లని రెక్కలు, ముందు రెక్కల మీద తెల్లని పట్టీలు, వెనక రెక్కల మీద ఎర్రని మచ్చలు రెండింటికీ ఉంటాయి. తేడా ఒంట్లో ఉంది. క్రిమ్సన్ రోజ్ ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, మార్మన్ ఒళ్ళు నల్లగా ఉంటుంది. టైల్ మీద ఉన్నదాని ఒళ్ళు ఎర్రగా ఉంది. క్రిమ్సన్ రోజ్ కూడా చాలా ఏళ్ళు మొదటి షెడ్యూలులో ఉన్నదే. ఆ ఇంట్లో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ చల్లబడితే సీతాకోకచిలుక కండరాలు పనిచేయవు. మనకు కుదురుగా కనిపించేది నిజానికి దాని నిస్సహాయత. వేళ్ళతో పట్టుకుంటే రెక్కల మీది పొలుసులు రాలతాయి, వేళ్ళకు అంటే ఆ రంగు పొడి అదే. పైగా టైల్ మీద ఫొటో వల్ల అది ఏ మొక్క మీద వాలింది, గుడ్డు పెట్టిందా, తేనె తాగిందా అన్నవేవీ తెలియవు. చూసి నేర్చుకోవాల్సింది అంతా ఆ టైల్ దగ్గరే పోయింది.

సరిగ్గా తీయాలంటే ఖరీదైన కెమెరా అక్కర్లేదు. సీతాకోకచిలుక వెంట పరుగెత్తడం మానేసి మొక్క దగ్గర ఆగడం నేర్పండి. పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య ఎండ కాచుకోవడానికి రెక్కలు విప్పి కూర్చుంటాయి, అప్పుడు బద్ధకంగా కూడా ఉంటాయి. గడ్డి చామంతి పూసిన ఖాళీ జాగా, జిల్లేడు పొద, వాన వెలిశాక కాలవ గట్టు మీద తడి మట్టి ఇలాంటివి మంచి చోట్లు. తడి మట్టిలోని లవణాల కోసం మగవి గుంపుగా వాలతాయి. ఎండిన కాయలు గలగలలాడే గిలిగిచ్చ మొక్క కనిపిస్తే అక్కడ ఇంకాసేపు నిలబడండి, టైగర్ జాతి మగవి దాని రసం కోసం వస్తాయి. మగ ఎగ్‌ఫ్లై అయితే తనకు నచ్చిన చోటు నుంచి లేచినా తిరిగి దాదాపు అక్కడికే వచ్చి వాలుతుంది. ఎగిరిపోయిందని వెనక్కి రాకుండా ఐదు నిమిషాలు ఆగితే చాలు.

కనిపించగానే దూరం నుంచే ఒక ఫొటో తీయాలి, ఎగిరిపోయినా రుజువు మిగులుతుంది. తర్వాత ఒంగి, మన నీడ దాని మీద పడకుండా, ఒక్కో అడుగూ వేయాలి. ఫోన్‌ను రెక్కలకు సమాంతరంగా పట్టుకుంటే రెక్క అంతా స్పష్టంగా వస్తుంది. ఫ్లాష్ వద్దు. రెక్కలు విప్పినప్పుడు ఒకటి, మూసినప్పుడు ఒకటి తీయడం అలవాటు చేయండి. మగ ఎగ్‌ఫ్లైని, తోటల్లో కనిపించే గ్రేట్ ఎగ్‌ఫ్లైని విడదీయడానికి రెక్కల అడుగు భాగమే ఆధారం. ఫోన్ యాప్ చెప్పిన పేరును వెంటనే నమ్మకండి. పిట్టను మోసం చేసిన వేషం యాప్‌నీ మోసం చేయగలదు. ఐనాచురలిస్ట్ లాంటి వాటిలో పెడితే తెలిసినవాళ్ళు సరిచూస్తారు, కానీ ఖాతా మీ పేరు మీదే ఉండాలి, మీ ఇంటి లొకేషన్ కనిపించకుండా చూసుకోవాలి. ఇంగ్లిష్ చదివే పిల్లలకు ఐజాక్ కెహింకర్ 2008లో రాసిన భారతీయ సీతాకోకచిలుకల పుస్తకం ఇంట్లో ఉంటే బాగుంటుంది.

పానకాల స్వామి కొండ పొదల్లోకి పిల్లల్ని ఒంటరిగా పంపకండి. కోతులున్నాయి, పాములున్నాయి, అటవీ శాఖ భూమిలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు. మెట్ల పక్కన, కొండ కింద కనిపించేవే ఈ పనికి సరిపోతాయి. బూట్లు, ఫుల్ ప్యాంటు, పక్కన ఒక పెద్దవాళ్ళు ఉండాలి.

పాప ఫొటో తీసిన ప్లాటును తర్వాత చదును చేశారు. గంగవాయిలి కలుపు మొక్క కదా, దాన్ని ఎవరు ఆపుతారు? ఆ తల్లి మాత్రం కూరల మార్కెట్‌లో కట్ట కొని, నాలుగు కాడలు డాబా మీద తొట్టెలో గుచ్చారు. తుంచి గుచ్చితే నాటుకునే మొక్క అది. ఇప్పటికైతే ఎగ్‌ఫ్లై రాలేదు. పప్పులోకి మాత్రం వస్తోందట.

సెప్టెంబరును మన దేశంలో సీతాకోకచిలుకల నెలగా జరుపుతున్నారు. ఈసారి కూడా పిల్లలు తీసిన ఫొటోలను తేదీ, చోటు, వాలిన మొక్క పేరుతో క్లాస్ టీచర్‌కు పంపండి. మొక్క పేరు తెలియకపోతే ఆకు ఫొటో జత చేస్తే చాలు. డబ్బాలో, టైల్ మీద, చేతి మీద పెట్టి తీసినవి ఈ ఏడాది తీసుకోం. మసకగా ఉన్నవి తీసుకుంటాం.