డాబా మీద మూడు బ్రాంచీలు

ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ వాళ్లు, ఎలక్ట్రికల్ వాళ్లు, మెకానికల్ వాళ్లు నాలుగేళ్లూ ఒకే క్యాంటీన్‌లో టీ తాగుతారు. కానీ ఒకే లెక్క ముందు ముగ్గురూ కలిసి కూర్చునే అవసరం దాదాపు రాదు. ఫస్టియర్ దాటిందంటే ఎవరి ల్యాబ్ వాళ్లది, ఎవరి రికార్డు వాళ్లది. హాస్టల్ డాబా మీద సోలార్ ప్యానెళ్లు మనమే పెడదామని విద్యార్థులు పూనుకుంటే మాత్రం ఆ విడివిడి కాపురాలు సాగవు. ఒక బ్రాంచి వాళ్లు తేల్చిన అంకె మీదే ఇంకో బ్రాంచి లెక్క నిలబడాలి.

ప్యానెల్ సంగతి చూస్తే తేలికే. ఇప్పుడు బజారులో దొరికే మామూలు రకం 550 వాట్లది. సుమారు 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, 28 కిలోల బరువు. ఇద్దరు కుర్రాళ్లు చెరో కొస పట్టుకుంటే మెట్లెక్కించేస్తారు. అలాంటివి 18 పెడితే పది కిలోవాట్లకు కాస్త తక్కువ. తెలుగు రాష్ట్రాల ఎండకు ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుందంటారు కాబట్టి రోజుకు 40 యూనిట్లు చేతికొస్తాయి. ఇంతవరకూ ఇంటర్ పిల్లలైనా వేయగల లెక్క.

విద్యార్థులే గీయాలి, విద్యార్థులే బిగించాలి అన్న పట్టుదలను పోటీగా మార్చింది అమెరికా ఇంధన శాఖ. 2002లో వాషింగ్టన్ నేషనల్ మాల్ మైదానంలో మొదటి ‘సోలార్ డెకాథ్లాన్’ జరిగింది. 14 జట్లు తమ తమ క్యాంపస్‌లలో కట్టుకున్న సౌర గృహాలను విడదీసి, లారీలకెక్కించి తెచ్చి, మైదానంలో మళ్లీ నిలబెట్టాయి. కొలరాడో విశ్వవిద్యాలయం గెలిచింది. 2009లో గెలిచిన జర్మనీలోని డార్మ్‌స్టాట్ జట్టు కప్పు మీద 40 ప్యానెళ్లు పరిచి ఊరుకోలేదు, గోడలకు కూడా పలుచటి సౌర ఫలకాలు తొడిగింది. 2014లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌లో జరిగిన యూరప్ పోటీకి ఐఐటీ బాంబే విద్యార్థులు ‘టీమ్ శూన్య’ పేరుతో వెళ్లారు. ఈ పోటీల్లో భారత జట్టు దిగడం అదే మొదటిసారి. ముంబయిలోని రచనా సంసద్ ఆర్కిటెక్చర్ విద్యార్థులు కూడా ఆ జట్టులో చేయి కలిపారు. ఇంజినీర్లు మాత్రమే ఉంటే ఇల్లు పూర్తికాదని వాళ్లకు ముందే అర్థమైందన్నమాట.

డార్మ్‌స్టాట్ గోడల ఆలోచన చూసి ముచ్చటపడి మన డాబా దగ్గర అదే చేద్దామంటే కుదరదు. వాషింగ్టన్‌లో ఆ పోటీ జరిగింది అక్టోబరులో. అక్కడ ఆ నెలలో సూర్యుడు కిందుగా వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు గోడకు ఎండ బాగా తగులుతుంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకు నీడే పడదు. ఆ తర్వాత ఆగస్టు మొదలయ్యేదాకా మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి ఉత్తరాన ఉంటాడు. దక్షిణపు గోడకు కట్టిన ప్యానెల్ ఆ రోజుల్లో దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. అందుకే ఇక్కడ ప్యానెళ్లు డాబా మీదే ఉండాలి, దక్షిణానికి మొహం పెట్టి 15 డిగ్రీల ప్రాంతంలో వాలాలి. ఊరి అక్షాంశం ఎంతో వాలు కూడా ఇంచుమించు అంతే అన్నది పాత సూత్రం. హైదరాబాద్‌ది 17.4 డిగ్రీలు, విజయవాడది 16.5.

వాలు తేలాక నీడల పంచాయితీ. హాస్టల్ డాబా ఎప్పుడూ ఖాళీగా ఉండదు. నాలుగు నల్లటి నీళ్ల ట్యాంకులు, మెట్ల గది, డిష్ యాంటెన్నాలు, ఎవరో కట్టి వదిలేసిన బట్టల తీగలు. ప్యానెల్‌లోని సెల్‌లన్నీ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడినా ఆ వరుసంతా కుంటుపడుతుంది. దాన్ని దాటించడానికి ప్యానెల్ వెనక పెట్టెలో మూడు బైపాస్ డయోడ్లు పెడతారు. అవి పనిచేసినా ప్యానెల్‌లో మూడో వంతు దాకా పోయినట్టే. అందుకే మంచి జట్లు డాబాను కొలిచేది ఎండాకాలంలో కాదు, నీడలు బాగా సాగే డిసెంబరులో. డిసెంబరు 21న ఉదయం 9 గంటల ప్రాంతంలో హైదరాబాద్‌లో సూర్యుడు దిగంతానికి 30 డిగ్రీల ఎత్తున ఉంటాడు. 15 డిగ్రీలు వాల్చిన ప్యానెల్ వెనక అంచు ముందు అంచు కంటే 59 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ఆ అంచు నీడ వెనక వరుసను తాకకూడదంటే రెండు వరుసల మధ్య 70 సెంటీమీటర్లు వదలాలి. దక్షిణం వైపు మీటరు ఎత్తు పిట్టగోడ ఉంటే దానికి ఒక మీటరు పైచిలుకు ఎడం కావాలి. డాబా చూడ్డానికి ఎంత పెద్దదిగా ఉన్నా ప్యానెళ్లకు పనికొచ్చే జాగా కాగితం మీద సగానికి సగం కరిగిపోయేది ఇక్కడే. మొదటిసారి స్కెచ్ వేసినవాళ్లకు ఇది నీరసం తెప్పించే ఘట్టం.

ఎలక్ట్రికల్ కుర్రాళ్లకు ఈ పనిలో వాళ్ల పాఠ్యపుస్తకం అంతగా చెప్పని చిక్కు ఒకటి ఎదురవుతుంది. తీగలో ఏమీ పారనప్పుడు ఒక్కో ప్యానెల్ కొసల మధ్య సుమారు 49.5 వోల్టులు ఉంటాయి. 20 ప్యానెళ్లను వరుసగా ఒకే స్ట్రింగ్‌గా కలిపితే 990. ఇన్వర్టర్ మీద ‘గరిష్ఠం 1,000 వోల్టులు’ అని రాసి ఉంటే, సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ 49.5 అన్నది 25 డిగ్రీల వేడి దగ్గర కొలిచిన అంకె. ప్యానెల్ చల్లబడేకొద్దీ వోల్టేజి పెరుగుతుంది, డిగ్రీకి దాదాపు 0.27 శాతం. ఆదిలాబాద్‌లో చలి 5 డిగ్రీలకు దిగిన పొద్దుట తొలి వెలుగు పడగానే అవే 20 ప్యానెళ్లు 1,043 వోల్టులు చూపిస్తాయి. ఇన్వర్టర్ కాలిపోవడానికి రోహిణి కార్తె అక్కర్లేదు, పుష్యమాసపు చలి చాలు. అందుకే 18తో ఆపడం, లేదా తొమ్మిదేసి చొప్పున రెండు స్ట్రింగులు చేయడం.

వేసవి చేసేది వేరే నష్టం. 45 డిగ్రీల ఎండలో సెల్ 70 డిగ్రీల దాకా కాగుతుంది. డిగ్రీకి 0.35 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి 550 వాట్ల ప్యానెల్ 463 దగ్గర ఆగుతుంది. రెంటచింతల ఎండ చూసి అక్కడ కరెంటు విరగబండుతుందని అనుకునేవారు ఇది చెప్పినా ఓ పట్టాన నమ్మరు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు. వేడి దానికి శత్రువు. స్లాబుకూ ప్యానెల్‌కూ మధ్య గాలి ఆడేలా జాగా వదలాలని మెకానికల్ వాళ్లు పట్టుబట్టేది ఇందుకే.

ఆ వదిలిన జాగాలోకే తుపాను గాలి దూరుతుంది.

సివిల్ విద్యార్థులు ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం మూడో భాగం తెరిచేది అప్పుడే. కట్టడాలు ఎంత గాలికి తట్టుకోవాలో ఊరూరికీ అందులో ఉంది. హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. విశాఖ వాళ్లకు ఆ గాలిని వర్ణించి చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన పూట అలాంటి గాలిని కళ్లారా చూశారు. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి వస్తుంది: 1,500 న్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోల బరువు. ప్యానెల్ వైశాల్యం రెండున్నర చదరపు మీటర్లకు పైనే. 28 కిలోల ప్యానెల్‌ను 390 కిలోల బలం పైకి లేపడానికి చూస్తుందన్నమాట. డాబా మూలల్లో ఇంకా ఎక్కువ, మధ్యలో కొంత తక్కువ. ఆ హెచ్చుతగ్గులకు ప్రమాణంలో వేరే గుణకాలున్నాయి.

స్లాబుకు బెజ్జాలు కొట్టకుండా కాంక్రీటు దిమ్మెల బరువుతో ఆపేద్దామన్నది అందరికీ ముందుగా తట్టే ఉపాయం. వానాకాలంలో స్లాబు కురవకుండా ఉంటుంది, వార్డెన్‌కూ అభ్యంతరం ఉండదు. తీరా చూస్తే, మనుషులు తిరిగే డాబాను మామూలుగా చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల అదనపు భారానికే లెక్కగడతారు. అది కూడా 150 కిలోలే! గాలిని ఆపేటంత బరువు పెడితే స్లాబు మోయగలిగే హద్దు అక్కడికే నిండిపోతుంది. హైదరాబాద్‌లో దిమ్మెలతో ఎలాగో నెట్టుకురావచ్చు. తీరప్రాంతంలో స్తంభాలు, దూలాలు ఎక్కడున్నాయో పాత డ్రాయింగుల్లో వెతికి, వాటి మీదుగా యాంకర్ బోల్టులు దింపి, చుట్టూ నీరు దిగకుండా పూత వేయాల్సిందే. ముప్పై ఏళ్ల నాటి హాస్టల్ డ్రాయింగులు ఎస్టేట్ ఆఫీసు బీరువాలో దొరకడం అదృష్టం మీద ఆధారపడిన సంగతి.

ఈ లెక్కలన్నీ చూసి బిగించడం కూడా డిగ్రీలున్నవాళ్ల పనే అనుకుంటే పొరపాటు. రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో బంకర్ రాయ్ మొదలుపెట్టిన బేర్‌ఫుట్ కాలేజీ, చదువురాని పల్లె స్త్రీలను ఆరు నెలల్లో సౌర దీపాల పనిమంతులుగా తయారు చేస్తోంది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన అమ్మమ్మలు, హిందీ ముక్క రాకపోయినా, తీగల రంగులు గుర్తుపట్టి, సైగలతో నేర్చుకుని వెళ్లి తమ ఊళ్లకు వెలుగిచ్చారు. చేతిపనికి కావలసింది ఓపిక, మంచి గురువు. దానికి ముందు చేసే డిజైన్‌కే మూడు బ్రాంచీలు అవసరం.

అయితే డాబా మీది తీగ ఆ సౌర దీపాల తీగంత మెత్తనిది కాదు. ఇంట్లో కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను తాకుతుంది కాబట్టి స్విచ్చి తీసినప్పుడు లేచిన నిప్పురవ్వ చటుక్కున ఆరిపోతుంది. ప్యానెళ్ల డీసీ కరెంటుకు ఆ సున్నా లేదు. లోడ్ నడుస్తుండగా కనెక్టర్ లాగితే రెండు కొసల మధ్య మెరుపు నిలబడిపోయి ప్లాస్టిక్‌ను, లోహాన్ని కరిగిస్తుంది. పైగా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌ను ‘ఆఫ్’ చేయడమన్నది లేదు. అందుకే ముందు ఇన్వర్టర్ ఆపి, ఆ తర్వాత డీసీ ఐసొలేటర్ తిప్పి, చివరికే కనెక్టర్ ముట్టుకోవాలి. స్ట్రింగులు కలిపే పూట లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పక్కన ఉండాలన్న నిబంధన దగ్గర విద్యార్థుల హుషారుకు కళ్లెం వేయడం సబబే. కోతుల బెడద ఉన్న క్యాంపస్ అయితే తీగలన్నీ పైపుల్లో దాచాలి. ఏ ప్రమాణ పత్రంలోనూ లేని షరతు ఇది.

అంతా కలిపి, డిస్కమ్ వాళ్లు వచ్చి రెండు వైపులా లెక్కపెట్టే నెట్ మీటర్ బిగించాక హాస్టల్‌లో ఒక వింత ఎదురవుతుంది. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతుంది. డాబా మీద ఎండ దంచుతుంటుంది. అయినా గదుల్లో ఫ్యాన్లు ఆగిపోతాయి. ఇంత చేసి ఏం లాభమని నిలదీసేవాళ్లకు జట్టు చెప్పాల్సిన జవాబు ఒకటే: బయటి లైను చచ్చిపోగానే ఇన్వర్టర్ కూడా ఆగిపోయేలా కావాలనే చేశారు. లేకపోతే వీధి చివర స్తంభమెక్కిన లైన్‌మన్ చేతికి ఈ డాబా కరెంటు తగులుతుంది. కరెంటు పోయినప్పుడు కూడా వెలగాలంటే బ్యాటరీ, దానికి తగిన వేరే రకం ఇన్వర్టర్ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది.

క్యాంపస్‌లు చాలావరకు ఈ గొడవంతా పడకుండా కంపెనీలకు డాబా అప్పగించేస్తాయి. కంపెనీ తన డబ్బుతో పెట్టుకుంటుంది, యూనిట్‌కు ఇంత అని కాలేజీ కడుతుంది. బిల్లు తగ్గేమాట నిజమే, తప్పుపట్టేదేమీ లేదు. కాకపోతే ఇన్వర్టర్ గదికి తాళం పడుతుంది, విద్యార్థులకు కింద నుంచి కనిపించేది నీలపు అద్దాలే. వంద కిలోవాట్లు కంపెనీకిచ్చినా, పది కిలోవాట్లంత మూల ఒకటి పిల్లలకు వదిలితే కాలేజీకి పెద్దగా పోయేదేం ఉండదు.

విద్యార్థులు కట్టినదానికి ఉండే అసలు బలహీనత వేరు. కట్టినవాళ్లు నాలుగేళ్లలో పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు, ప్యానెళ్లకు మాత్రం 25 ఏళ్ల వారంటీ ఉంటుంది. ఇన్వర్టర్ పదేళ్లు దాటాక మార్చాల్సి రావచ్చు. అప్పుడు దాన్ని విప్పబోయే విద్యార్థులు ఇవాళ మూడో తరగతిలో ఎక్కాలు చదువుతుంటారు. వాళ్ల కోసం ఇన్వర్టర్ గది తలుపు లోపలి వైపు లామినేషన్ చేసిన కాగితం ఒకటి అంటించి పోవాలి: సింగిల్ లైన్ డయాగ్రం, ఏ స్ట్రింగ్‌లో ఏ ప్యానెళ్లున్నాయో నంబర్లు, బోల్టులు ఎంత బిగువుగా తిప్పారో, ఎర్తింగ్ గుంతలు ఎక్కడున్నాయో, వాటి నిరోధం చివరిసారి ఏ తేదీన కొలిచారో, దక్షిణం వైపు పిట్టగోడ పక్కన ఎవరూ కొత్త నీళ్ల ట్యాంకు పెట్టకూడదనీ.